పచ్చదనం వేరు, మేత వేరు: గుంటూరు బీళ్ల మీద డ్రోన్ డైరీ

నేలలు రెండు. ఒకటి గుంటూరుకు పడమట కొండవీడు వైపు, ఊరి పశువులు మేసే ఆరెకరాల ఎర్ర గరప బీడు. రెండోది లాం దారిలో నల్లరేగడి, బోరు కింద ఎకరం సూపర్ నేపియర్ మేతగడ్డి. మే నుంచి డిసెంబరు దాకా పక్షానికోసారి రెండింటి మీదా డ్రోన్ ఎగరేసి, ఎకరానికి ఎన్ని కిలోల మేత నిలబడి ఉందో తేల్చాలి. రంగుల పటం ఎవరికీ అక్కర్లేదు. ‘ఎన్ని పశువులకు ఎన్నాళ్లు వస్తుంది’ అని అడిగితే చెప్పడానికి ఒక అంకె కావాలి.

పైనుంచి పచ్చదనం కొలవడం కొత్త విద్య కాదు. ఎన్‌డీవీఐ సూచిక (ఆకు తిప్పి పంపే ఎరుపు, పరారుణ కాంతుల తేడాతో పచ్చదనాన్ని చెప్పే అంకె) పుట్టిందే గడ్డి కోసం. 1970ల మొదట్లో రౌస్ బృందం అమెరికాలోని గ్రేట్ ప్లెయిన్స్ గడ్డిభూముల్ని తొలి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల్లో చూడటానికి దాన్ని వాడింది. అక్కడ కనుచూపు మేరా గడ్డే. మన బీడులో గరిక పక్కన వయ్యారిభామ, దాని వెనక సర్కారు తుమ్మ, మధ్యలో వెంపలి, తంగేడు. కెమెరాకు అన్నీ పచ్చనే. ఈ డైరీలో సగం పేచీ దాని గురించే.

సామాను, అనుమతులు

కిలోకు కాస్త తక్కువ బరువున్న క్వాడ్‌కాప్టరు. దాని మీద 20 మెగాపిక్సెల్ మామూలు కెమెరా ఒకటి, ఒక్కో రంగు కాంతినే (బ్యాండునే) పట్టే 5 మెగాపిక్సెల్ కెమెరాలు నాలుగు: గ్రీన్ 560, రెడ్ 650, రెడ్‌ఎడ్జ్ (ఎరుపు అంచు) 730, ఎన్‌ఐఆర్ (కంటికి కనబడని పరారుణం) 860 నానోమీటర్లు. వీపు మీద ఎండను కొలిచే సెన్సరు, స్థానాన్ని సెంటీమీటర్ల దాకా చెప్పే ఆర్‌టీకే మాడ్యూలు. పూర్తిగా తయారై వచ్చే డ్రోన్ల దిగుమతి మీద 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది, విడిభాగాలకు లేదు. కొనేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల నుంచి 2 కిలోల దాకా మైక్రో తరగతి. వ్యాపారం కాని పనికి మైక్రో వాడితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రైతు దగ్గర ఎకరానికింత అని తీసుకుంటే కావాలి. రిజిస్ట్రేషన్ నంబరు ఎలాగూ ఉండాలి. గన్నవరం విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కి.మీ. లోపల ఆశ పెట్టుకోవద్దు. 5 నుంచి 8 కి.మీ. వలయంలో ఎంత తక్కువ ఎత్తుకైనా అనుమతి కావాలి, 8 నుంచి 12లో 200 అడుగుల దాకా ఎగరొచ్చు. గుంటూరు వైపు ఈ బెడద లేదు గానీ, ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో తాత్కాలిక ఆంక్షలు వస్తూ పోతూ ఉంటాయి. ఎగరేసే రోజు పొద్దున మళ్లీ చూడాలి.

నేల మీది సామాను ఇంతకంటే ముఖ్యం. అర అంగుళం పీవీసీ పైపుతో, లోపలి కొలత సరిగ్గా 50×50 సెం.మీ. వచ్చేలా చట్రం. ఎల్బోలు బిగించాక కొలత మారుతుంది కాబట్టి పైపు కోయకముందే ఒక మూల బిగించి చూసుకోవాలి. గ్రాము దాకా చూపే తూకం, కాగితం సంచులు, బొచ్చు కత్తెర. 36 సెం.మీ. వ్యాసమున్న అక్రిలిక్ పళ్లెం, దాని నడుమ రంధ్రంలోంచి జారేలా స్కేలు అంటించిన ముప్పావు అంగుళం పైపు. ఆ పళ్లెం వైశాల్యం దాదాపు 0.1 చదరపు మీటరు. గడ్డి మీద వదిలితే ఎంత ఎత్తులో ఆగిందో అదే అణిగిన గడ్డి ఎత్తు. దీన్నే పళ్లెం మీటరు అంటాం. పళ్లెం బరువు సీజనంతా మారకూడదు. పగిలితే అదే బరువుది చేయించాలి.

పటాన్ని నేలతో సరిచూసే గుర్తులకు పాత ఫ్లెక్సీలు. వెనకవైపు తిప్పి 60×60 సెం.మీ. ముక్కలు కోసి, ఎదురెదురు మూలలు నలుపు, తెలుపు డిస్టెంపర్ వేయాలి. ఫ్లెక్సీని ఉన్నదున్నట్టు పరిస్తే మెరుపుకు ఆ చోటంతా తెల్లగా పేలిపోయి మధ్య బిందువు దొరకదు.

మే మూడో వారం: ఎండిన బీడు

గడ్డి లేనప్పుడు ఎగరేయడం దండగ అనిపిస్తుంది. సీజను మొత్తంలో ఎక్కువ పనికొచ్చే ఫ్లైటు ఇదే. పశువులు నేల దాకా మేసేశాయి కాబట్టి ఇప్పుడొచ్చే ఎత్తుల పటమే నేల మట్టం. ఆగస్టులో వచ్చే పై మట్టంలోంచి దీన్ని తీసేస్తే గడ్డి ఎత్తు వస్తుంది. రెండో లాభం ఇంకా పెద్దది. మే నెలలో ఈ బీడులో పచ్చగా ఉన్నది దాదాపు ఏదీ గడ్డి కాదు. సర్కారు తుమ్మ, జిల్లేడు, తంగేడు అప్పుడు ఆకుతో ఉంటాయి. ఎన్‌డీవీఐ 0.3 దాటిన చోటల్లా బహుభుజాలు గీసి, చుట్టూ అర మీటరు కలిపి, ఏడాది పొడవునా లెక్కలోంచి మినహాయించాం. వర్షాలొచ్చాక ఈ పొదల్ని విడదీయాలంటే చాలా తంటా. ఇప్పుడైతే ఒక గీతతో పోతాయి. బోరు ఊట, కాలువ ఊట దిగే చోట గరిక మేలోనూ పచ్చగా ఉంటుంది. అవి మాత్రం నడిచి చూసి విడిగా గుర్తు పెట్టుకోవాలి.

వేడి సంగతి: ఇలాంటి చిన్న డ్రోన్లకు సాధారణంగా చెప్పే పై హద్దు 40 డిగ్రీలు. మన మే మధ్యాహ్నాలు దాన్ని దాటేస్తాయి. బ్యాటరీలు తడిగుడ్డ చుట్టిన డబ్బాలో నీడన ఉంచి, తొమ్మిది లోపే రెక్కలు తిప్పాలి. ఫ్లైటు దిగిన వెంటనే వేడి బ్యాటరీని ఛార్జింగుకు పెట్టకూడదు.

జూన్: ఎత్తు, వేగం, గీతలు

60 మీటర్ల ఎత్తు ఖాయం చేశాం. ఆ ఎత్తులో బ్యాండు కెమెరా ఒక్కో ఫొటోలో సుమారు 71×54 మీటర్ల నేల పడుతుంది, పిక్సెలు 2.7 సెం.మీ. మామూలు కెమెరాకు 1.6 సెం.మీ. పక్క ఓవర్‌ల్యాప్ (పక్క ఫొటోతో కలిసే భాగం) 75 శాతం అంటే డ్రోన్ వెళ్లే గీతల మధ్య 18 మీటర్లు. ముందు ఓవర్‌ల్యాప్ 80 శాతం అంటే ప్రతి 10.7 మీటర్లకు ఒక ఫొటో. నాలుగు బ్యాండ్లు కార్డులో రాయడానికి రెండు సెకన్లు పడుతుంది కాబట్టి సెకనుకు 5.3 మీటర్లు దాటితే ఫొటోలు తప్పిపోతాయి. 4.5 పెట్టాం. ఆరెకరాలకు, అంచుల బయట ఒక్కో గీత అదనంగా, పదకొండు గీతలు, మలుపులతో కలిపి పది నిమిషాలు. సుమారు 200 చోట్ల, చోటికి ఐదు ఫైళ్లు. ఒక్కో బ్యాండు ఫైలు 10 ఎంబీ, మొత్తం 10 జీబీ దాకా.

ఇంకా కిందికి దిగితే మంచి ఫొటోలొస్తాయి కదా అంటారు. గడ్డికి అది ఎదురు తంతుంది. దగ్గరికి పోయేకొద్దీ గాలికి ఊగే ప్రతి పోచా పెద్దదై కనిపిస్తుంది, పక్క ఫొటోలో అది ఇంకో చోట ఉంటుంది, సాఫ్ట్‌వేరుకు జత కుదరదు. పటంలో మధ్య మధ్య బొక్కలు. గాలి సెకనుకు నాలుగైదు మీటర్లు దాటితే 60 మీటర్ల నుంచి కూడా నేపియర్ మీద ఇదే గతి.

ఆర్‌టీకేకు నేల మీద పెట్టే బేస్ యంత్రాన్ని ప్రతిసారీ ఒకే గుర్తు మీద నిలబెట్టాలి. నల్లరేగడిలో పాతిన మేకు వానకు పైకి లేస్తుంది, ఎండకు దిగుతుంది. అందుకే గుర్తు బోరు షెడ్డు స్లాబు మూలన కొట్టాం. మిగిలిన మూడు మూలలూ సరిచూసుకోవడానికి. ఏ ఫ్లైటులోనైనా వాటి ఎత్తు 3 సెం.మీ. కంటే ఎక్కువ తేడా చూపితే ఆ రోజు ఎత్తుల పటం పక్కన పెట్టేయడమే.

జూలై: ఎండ గడియారం

డ్రోన్ పుస్తకాల్లో నడిమధ్యాహ్నం ఎగరేయమని ఉంటుంది, నీడలు తక్కువని. అది చలి దేశాల మాట. గుంటూరు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 5 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 8 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు నిట్టనిలువునా కిందికి చూసే కెమెరా ఫొటోలో, డ్రోన్ నీడ పడే చోటు చుట్టూ ఒక వెలుగు మచ్చ వస్తుంది. ఆ దిశలో చూస్తే ఆకుల నీడలన్నీ ఆకుల వెనకే దాక్కుంటాయి, అందుకని ఆ చోటు లేని కాంతితో మెరుస్తుంది. సూర్యుడు నడినెత్తి నుంచి 30 డిగ్రీల లోపు ఉంటే ఆ మచ్చ ఫ్రేములోనే పడే అవకాశం ఎక్కువ. అతికిన పటంలో అది వరసగా చారలై కూర్చుంటుంది, గడ్డి నిజంగా అలా చాళ్లుగా పెరిగిందేమో అన్నట్టు.

కాబట్టి సూర్యుడు నడినెత్తి నుంచి 30, 40 డిగ్రీల మధ్య ఉన్న వేళ కావాలి. గుంటూరులో జూలై ఆఖర్లో అసలు మధ్యాహ్నం (సూర్యుడు ఆ రోజుకు అన్నిటికంటే ఎత్తులో ఉండే క్షణం) గడియారంలో 12:15కు వస్తుంది. దానికి రెండు గంటల ముందు నుంచి వెనక్కి లెక్కేస్తే, ఆగస్టు మొదటి వారానికి మంచి వేళ తొమ్మిదిన్నర నుంచి పది దాటేవరకు. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలోనూ ఇదే కోణం వస్తుంది గానీ, రుతుపవనాల్లో అప్పటికి మబ్బులు ముక్కలు ముక్కలుగా లేస్తాయి. తొమ్మిదికి ముందు మంచు తడి ఆరదు. ఉన్నది ఆ ముప్పావు గంటే.

మబ్బు గురించి ఒకటే నియమం: ఆకాశమంతా ఒకేలా మూసుకుంటే ఎగరొచ్చు, ముక్క మబ్బులైతే వద్దు. వీపు మీది సెన్సరు సర్దుతుందనుకోకూడదు. డ్రోన్ ఎండలో ఉండి కింద గడ్డి నీడలో ఉంటే అది సర్దేది తప్పు వైపుకే.

కొలతకు ఆధారంగా 50 శాతం ప్రతిబింబపు (మీద పడ్డ కాంతిలో సగం తిప్పి పంపే) బూడిద ప్యానెల్‌ను ఫ్లైటుకు ముందూ తర్వాతా ఫొటో తీస్తాం, మన నీడ పడకుండా. దీనికి తోడు మూడు ప్లైవుడ్ పలకలు, మీటరు చదరం, మాట్ పెయింటుతో ముదురు, మధ్య, లేత బూడిద. ఇవి ఫ్లైటు గీతల కిందే పరుస్తాం. ఒక్కోటి పటంలో 37 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. ఈ పలకల అసలు ప్రతిబింబం ముందుగా ప్యానెల్ పక్కన పెట్టి బ్యాండు బ్యాండుకూ తీసుకోవాలి. కంటికి ఒకే బూడిదగా కనిపించే రెండు పెయింట్లు ఎన్‌ఐఆర్‌లో చాలా తేడా చూపిస్తాయి.

గద్దలు. బీడు మీద ఎలుకల కోసం తిరిగేవి డ్రోన్ మీదికి వస్తాయి. వచ్చినప్పుడు పక్కకు పారిపోతే వెంటపడతాయి. నిట్టనిలువుగా పైకి లేపితే వదిలేస్తాయి, అదీ 120 మీటర్ల హద్దు లోపలే.

ఆగస్టు: కోత, తూకం

డ్రోన్ ఇచ్చేది ప్రతిబింబం. కిలోలు ఇచ్చేది కొడవలే. ఫ్లైటుకు ఇరవై చట్రాలు: తాజా ఎన్‌డీవీఐని తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు పొరలుగా విడగొట్టి, ప్రతి పొరలోనూ పటాల సాఫ్ట్‌వేరు క్యూజీఐఎస్ చేత యాదృచ్ఛిక బిందువులు వేయించాలి. మనమే వెళ్లి ఎంచుకుంటే కాలు ఎప్పుడూ గడ్డి బాగున్న చోటికే పోతుంది.

ఫోను జీపీఎస్ మూడు నాలుగు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, అర మీటరు చట్రానికి అది పనికిరాదు. ఆర్‌టీకే రోవర్ (చేత పట్టుకు తిరిగే రిసీవరు) లేనివాళ్లకు చౌక దారి: విందుల్లో వాడే తెల్ల పేపరు ప్లేటు. ఫ్లైటుకు ముందే ప్రతి చట్రానికి ఉత్తరంగా అర మీటరు దూరంలో మేకుతో దిగ్గొట్టాలి. ఫొటోలో పదిహేను పిక్సెళ్ల తెల్ల చుక్కగా కనిపిస్తుంది. చట్రం పక్కనే ఆనించి పెడితే దాని తెలుపు చట్రం లోపలి పిక్సెళ్లలోకి చిందుతుంది.

నేల నుంచి రెండు మూడు సెం.మీ. వదిలి కోయాలి. కోసింది అక్కడికక్కడే నాలుగు కుప్పలు: గడ్డి, పశువు తినే తీగజాతి, కలుపు, ఎండు చెత్త. ఒకే సంచిలో వేస్తే తర్వాత ఏ లెక్కా నిలవదు. వయ్యారిభామ చర్మానికి దద్దుర్లు తెస్తుంది, చేతి తొడుగులు తప్పనిసరి.

ఓవెన్‌లో 60 నుంచి 65 డిగ్రీల దగ్గర 48 గంటలు, బరువు మారడం ఆగేదాకా. ఓవెన్ లేకపోతే వంటింటి మైక్రోవేవ్ చాలు: 100 గ్రాముల గడ్డి, పక్కన గ్లాసుడు నీళ్లు, ముందు మూడు నిమిషాలు, తర్వాత నిమిషం చొప్పున, రెండు తూకాలు ఒకటయ్యేదాకా. నీళ్ల గ్లాసు మరిస్తే గడ్డి మాడిపోతుంది.

లెక్క ఇలా నడుస్తుంది. చట్రంలో పచ్చిగడ్డి 180 గ్రాములు అనుకుందాం. నాలుగుతో గుణిస్తే చదరపు మీటరుకు 720. దాన్ని 4.047తో గుణిస్తే ఎకరానికి 2,914 కిలోలు. ఎండు పదార్థం 25 శాతమైతే 728 కిలోలు. అందులో సగం బీడు మళ్లీ కోలుకోవడానికి వదలాలి, మిగిలింది 364. నాలుగు వందల కిలోల ఆవు రోజుకు పది కిలోల దాకా ఎండు పదార్థం తింటుంది. ఆ ఎకరం ముప్పై ఆరు ఆవులకు ఒక రోజు.

వయ్యారిభామ

వానలు పడ్డ కొన్ని వారాలకే ఎన్‌డీవీఐ పటంలో అన్నిటికంటే ముదురు పచ్చ మచ్చలు బాట వెంబడి, పశువుల మంద నిలబడే చోట వస్తాయి. అక్కడ మేత బాగుందని పటం చెబుతుంది. పశువుల కాపరి మాత్రం అటు చూడను కూడా చూడడు. అడ్డంగా పరుచుకునే ఆకులు నిలువు గడ్డి పోచలకంటే ఎక్కువ సూచిక ఇస్తాయి, ఎరువు పడ్డ తొక్కుడు నేల వయ్యారిభామకు ఇష్టం.

సూచికతో దీన్ని విడదీయలేం. పూత వేళ 20 మీటర్ల ఎత్తులో మామూలు కెమెరాతో విడిగా ఒక ఫ్లైటు. అర సెం.మీ. పిక్సెల్‌లో తెల్ల పూల గుత్తులు చుక్కలుగా తేలతాయి. రంగులతో పాటు గరుకుదనం, ఎత్తు పొరలు కలిపి ర్యాండమ్ ఫారెస్ట్‌కు (ఉదాహరణలు చూసి నేర్చుకుని విడదీసే ప్రోగ్రాము) ఇస్తే చాలావరకు విడిపోతుంది. నేర్పించడానికి ఇచ్చే మచ్చలు మాత్రం నడిచి గుర్తించినవే అయి ఉండాలి, తెర మీద చూసి ఊహించినవి కాదు.

నేల రంగు ఇంకో మాయ. గడ్డి పలచగా ఉన్నప్పుడు కింద నల్లరేగడి ఉంటే ఎన్‌డీవీఐ ఎక్కువ చూపుతుంది, ఎర్రనేల ఉంటే తక్కువ. గడ్డి ఒకటే. జూన్, జూలై వరకు ఎన్‌డీవీఐ బదులు నేల రంగు ప్రభావాన్ని తగ్గించే శావీ సూచిక వాడాం: 1.5 × (ఎన్‌ఐఆర్ − రెడ్) ÷ (ఎన్‌ఐఆర్ + రెడ్ + 0.5). ఇది పనిచేయాలంటే బ్యాండ్లు నిజమైన ప్రతిబింబంలో, సున్నా నుంచి ఒకటి మధ్య ఉండాలి. కెమెరా ఇచ్చిన ముడి అంకెలు పెడితే ఆ 0.5కు అర్థమే ఉండదు. అయినా సరే, సూచికను కోత తూకంతో జతచేసి కిలోలుగా మార్చే సమీకరణం రెండు నేలలకూ ఒకటే వాడొద్దు.

నేపియర్ వేరే కథ

ఆకులు కలిసి నేల కనబడకుండా పోయాక ఎన్‌డీవీఐ అక్కడే ఆగిపోతుంది. పైరు మీటరున్నా రెండు మీటర్లున్నా అదే అంకె. రెడ్ స్థానంలో రెడ్‌ఎడ్జ్ పెట్టిన ఎన్‌డీఆర్‌ఈ ఇంకొంత దూరం వస్తుంది. ఆ తర్వాత ఎత్తే దిక్కు. కోసిన మర్నాడు మొదళ్ల మీద ఒక ఫ్లైటు చేసి దాన్నే అడుగు మట్టంగా పెట్టుకోవాలి, మే నెలది కాదు. నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకు బీటలు తీస్తుంది, మట్టమే కొన్ని సెం.మీ. మారుతుంది. రెండు మీటర్ల నేపియర్‌కు ఆ తేడా లెక్కలోకి రాదు. అదే నేలలో పది సెం.మీ. గరిక ఎత్తు ఇలా కొలుస్తామంటే నమ్మొద్దు, దానికి పళ్లెం మీటరే.

కొన ఆకులు సన్నగా ఊగుతాయి కాబట్టి పటంలో ఎత్తు ఎప్పుడూ కర్రతో కొలిచినదానికంటే తక్కువ వస్తుంది. చదరపు మీటరు గడిలో సగటు కాకుండా 90వ శాతాంకం (పదిలో తొమ్మిది పిక్సెళ్లు దానికి లోపే ఉండే ఎత్తు) తీసుకుంటే మెరుగు. గాలివానకు పైరు వాలితే ఎత్తు పడిపోతుంది, బరువు అలాగే ఉంటుంది. ఆ తేదీకి కోత తూకమే వాడాలి.

సెప్టెంబరు: పెరిగిందెంత, మేసిందెంత

రెండు ఫ్లైట్ల మధ్య బీడులో మేత మారలేదంటే పెరగలేదని కాదు. పెరిగినంతా మేసేసి ఉండొచ్చు. ఎదుగుదల కావాలంటే బోనులు పెట్టాలి: మీటరు చదరం ఇనుప మెష్, నాలుగు మూలలా ఊచలు, పైన తుమ్మ కంప. కంప లేకపోతే గేదె మెడ దూర్చి పడేస్తుంది. ఇవాళ బోను లోపలి బరువులోంచి, బోను పెట్టిన రోజు పక్కన కోసిన బరువు తీసేసి, రోజులతో భాగిస్తే రోజుకు ఎదిగిన కిలోలు. ఫ్లైటు ముందు బోను తీసి పక్కన పెట్టాలి. మెష్ నీడ పిక్సెళ్లను చెడగొడుతుంది. కోసాక బోను కొత్త చోటికి మార్చాలి, అక్కడే ఉంచితే లోపలి గడ్డి బయటి గడ్డిలా ప్రవర్తించదు.

సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఐదు రోజులకొకటి, ఉచితం. పది మీటర్ల పిక్సెల్‌తో మన ఆరెకరాలు 243 గడులు. మబ్బులేని రోజు దొరికితే డ్రోన్ పటాన్ని పది మీటర్లకు సగటు చేసి పక్కన పెట్టి చూస్తాం. రెండింటినీ పోల్చే గీత ఒక్కసారిగా పక్కకు జరిగిందంటే ప్యానెల్ దుమ్ము పట్టిందని అనుమానించాలి.

అక్టోబరు తర్వాత

గడ్డి గింజ వేసి పండుతుంది. ఎన్‌డీవీఐ పడిపోతుంది. బీడు మీద ఎండు మేత బరువు మాత్రం సీజనులో గరిష్ఠానికి దగ్గరగా ఉండేది ఇప్పుడే. ఆగస్టులో పచ్చగా ఉన్నదంతా మేత కాదు, ఇప్పుడేమో మేతలో సగం పచ్చగా లేదు. ఆగస్టు సమీకరణం ఇక్కడ పెడితే బీడు ఖాళీ అని చెబుతుంది. అందుకే అక్టోబరు నుంచి వేరే సమీకరణం: పళ్లెం మీటరు ఎత్తు ప్రధానం, సూచిక దానికి తోడు మాత్రమే. ఈశాన్య రుతుపవన వానకు మళ్లీ చిగురేస్తే కోత కుప్పల్లో పచ్చి, ఎండు నిష్పత్తి ఒక్క వారంలో మారిపోతుంది. అప్పుడు చట్రాలు ఇరవై చాలవు, ముప్పై పెట్టాలి.

ప్రాసెసింగ్ అంతా ఫొటోల్ని అతికి పటం చేసే వెబ్‌ఓడీఎం సాఫ్ట్‌వేరులో, 16 జీబీ మెమరీ యంత్రం మీద. మెమరీ చాలకపోతే పాయింట్ల నాణ్యత ఒక మెట్టు తగ్గించాలి, ఫొటోలు తగ్గించకూడదు. ఎండ స్థిరంగా ఉన్న రోజు రేడియోమెట్రిక్ సవరణలో (ముడి అంకెల్ని ప్రతిబింబంగా మార్చే మెట్టు) కెమెరా ఒక్కటి, మూసిన ఆకాశానికి కెమెరాతో పాటు సూర్య సెన్సరు. పటాలన్నీ యూటీఎం (స్థానాల్ని మీటర్లలో చెప్పే పద్ధతి) 44 ఉత్తర జోనులోనే.

నవంబరు మొదట్లో అసలు మధ్యాహ్నం 11:52కే వస్తుంది, సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు. డిసెంబరు ఆఖర్లో నడిమధ్యాహ్నం కూడా నడినెత్తి నుంచి 40 డిగ్రీల దూరంలో ఉంటాడు కాబట్టి అప్పటికి పుస్తకంలో చెప్పిన పన్నెండు గంటలే సరైన వేళ. ఫ్లైటు ప్లానులో పొద్దుటి వేళ తీసేసి 11:15 నుంచి 12:30 పెట్టాం. పొగమంచు పట్టే రోజుల్లో ప్యానెల్ మీద చెమ్మ తుడిచాకే ఫొటో.